కొత్త కాలేజీతో సంతకం పెట్టకముందే క్రెడిట్లు లెక్కేసుకోండి

అమెరికా కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఆడుతున్న అమ్మాయిల ఇళ్ల నుంచి, ఆడాలనుకుంటున్న అమ్మాయిల నుంచి ఈ నెల ఉత్తరాలు చాలా వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే. జవాబులు 2025-26 సీజన్ నిబంధనల ప్రకారం రాసినవి. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఏటా ఏదో ఒకటి మారుస్తోంది, కోర్టు తీర్పులూ తోడవుతున్నాయి. కాబట్టి సంతకం పెట్టే ముందు కాలేజీలో ఆట నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పైస్థాయి) కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. మ్యాచ్‌కి ఐదారు నిమిషాలకు మించి ఆడించడం లేదు. కాలేజీ మారతానంటోంది. మారితే ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాలని మా బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా? పోర్టల్‌లో పేరు ఎలా పెట్టాలి?
– ఒక తల్లి, వెస్ట్ మారేడుపల్లి

మీ బంధువులు చెప్పింది పాత నిబంధన. ఒకప్పుడు కాలేజీ మారిన అమ్మాయి కొత్తచోట ఏడాదిపాటు ప్రాక్టీసు చేయడమే తప్ప మ్యాచ్ ఆడేది కాదు. 2021 ఏప్రిల్‌లో దాన్ని సడలించి, మొదటిసారి మారినవాళ్లు వెంటనే ఆడొచ్చన్నారు. 2024 ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు మారినా, చదువు నిబంధనలు తీరితే చాలు, ఆ సీజన్‌లోనే ఆడొచ్చు. ఏంజెల్ రీస్ 2022లో మేరీలాండ్ నుంచి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)కి మారి, 2023లో జాతీయ టైటిల్ గెలిచింది. హేలీ వాన్ లిత్ లూయీవిల్, ఎల్‌ఎస్‌యూ, టీసీయూ మూడింటికీ ఆడింది. ఆమెకు ఐదో సీజన్ దొరకడానికి కారణం వేరు: కోవిడ్ నాటి 2020-21 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ కలపలేదు. ఇప్పటి అమ్మాయిలకు ఆ వెసులుబాటు లేదు. ఐదేళ్లలో నాలుగు సీజన్లు, అంతే.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటే కాలేజీ మారాలనుకునే క్రీడాకారుల పేర్లతో కాలేజీల కోచ్‌లు, కంప్లయన్స్ సిబ్బంది చూసుకునే జాబితా. 2018 అక్టోబరు 15న మొదలైంది. అమ్మాయి తన పేరు తానే ఎక్కించుకోలేదు. ముందు ట్రాన్స్‌ఫర్ నిబంధనల మీద ఒక ఆన్‌లైన్ పాఠం పూర్తిచేసి, ఆ తర్వాత కంప్లయన్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అక్కణ్నుంచి రెండు పనిదినాల్లో కాలేజీ ఆమె పేరు ఎక్కించి తీరాలి. కోచ్‌కి ఇష్టం లేకపోయినా ఆపే హక్కు లేదు.

గడువు మాత్రం ఏటేటా తగ్గుతోంది. మహిళల బాస్కెట్‌బాల్‌కు 2024లో 45 రోజులిచ్చారు. 2025లో మార్చి 25 నుంచి ఏప్రిల్ 23 దాకా 30 రోజులు. 2026కి జాతీయ ఫైనల్ మర్నాటి నుంచి 15 రోజులకు కుదించారు. ఈ 15 రోజుల్లో జరగాల్సింది తెలియజేయడమే, కొత్త కాలేజీని ఎంచుకోవడం తర్వాతైనా ఫర్వాలేదు. హెడ్ కోచ్ వెళ్లిపోతే ఆ జట్టు వాళ్లకు వేరే గడువు ఉంటుంది.

రెండు ప్రమాదాలున్నాయి. పేరు ఎక్కకముందే వేరే కాలేజీ కోచ్‌తో, మధ్యవర్తి ద్వారానైనా సరే, మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం. పాత క్లబ్ కోచ్ 'వాళ్లు నీ మీద ఆసక్తిగా ఉన్నారు' అని వాట్సాప్ పెట్టడం కూడా అందులోకే వస్తుంది. ఆ సందేశాలకు జవాబివ్వొద్దని అమ్మాయికి చెప్పండి. ఇక పేరు ఎక్కిన తర్వాత ఇప్పటి కాలేజీ ఆ సెమిస్టర్ ముగిశాక స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. మనసు మార్చుకుని పేరు వెనక్కి తీసుకున్నా ఆమె స్థానం ఆమెకే ఉంచాలన్న నియమం లేదు. హౌస్ ఒప్పందంలో (కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలిచ్చిన కోర్టు రాజీ) చేరిన కాలేజీల్లో జట్టుకు 15 మందే పరిమితి. అందువల్ల పోర్టల్‌లోకి వెళ్లి ఎక్కడా చోటు దొరకనివాళ్లూ ఉంటారు. వచ్చే ఏడాది తను ఆడే స్థానంలో ఎవరెవరు మిగులుతున్నారు, తన పాత్ర ఏంటి అని కోచ్‌ని సూటిగా అడిగి జవాబు విన్నాకే నిర్ణయం తీసుకోవాలని మా అభిప్రాయం. నిమిషాలు తక్కువన్న ఒక్క కారణం సరిపోదు.

ప్రశ్న: మా అమ్మాయికి రెండేళ్లలో 62 క్రెడిట్లు వచ్చాయి, జీపీఏ 3.1. కొత్త కాలేజీ కోచ్ అంతా బాగుందన్నాడు. ఇంకా ఏమైనా చూసుకోవాలా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

చూసుకోవాల్సిన అసలు విషయం ఇదే. చేతిలో 62 క్రెడిట్లున్నాయంటే కొత్త కాలేజీలో 62 ఉన్నట్టు కాదు.

డివిజన్ 1లో మూడో ఏడాది మొదలయ్యేసరికి అమ్మాయి తన డిగ్రీలో 40 శాతం పూర్తిచేసి ఉండాలి. నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం. ఈ శాతాన్ని కొత్త కాలేజీలో, కొత్తగా ఎంచుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు)లో లెక్కిస్తారు. పైగా మూడో ఏడాది మొదలయ్యేసరికి మేజర్ ఏదో ప్రకటించి ఉండాలి. అంటే మీ అమ్మాయి సరిగ్గా ఆ గీత దగ్గరే కాలేజీ మారుతోంది.

ఒక లెక్క చూడండి. 62లో 58 తీసుకుంటామని కొత్త కాలేజీ అంది. అందులో 14 క్రెడిట్లు 'ఎలక్టివ్' కింద పడ్డాయి, కానీ ఆ మేజర్‌లో ఎలక్టివ్‌లకు చోటు లేదు. డిగ్రీకి పనికొచ్చేవి 44. డిగ్రీ 120 క్రెడిట్లదైతే కావాల్సింది 48, ఈమెకున్నది 36.7 శాతం. ఇలాగే వెళితే జీపీఏ ఎంత ఉన్నా నవంబరులో మ్యాచ్ ఆడే వీలుండదు. లోటు 4 క్రెడిట్లు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కోర్సులు సాధారణంగా 3 క్రెడిట్లవి కాబట్టి వేసవిలో రెండు కోర్సులు చేయాలి, అవి కూడా ఆ మేజర్‌కు చెల్లేవై ఉండాలి. కొన్ని ఇంజినీరింగ్ డిగ్రీలు 128 క్రెడిట్లుంటాయి. అక్కడ 40 శాతం అంటే 52 కావాలి. కమ్యూనికేషన్స్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కి మారే అమ్మాయికి ఈ తేడా చాలా పెద్దది.

అందుకని పోర్టల్‌లో పేరెక్కాక, సంతకం పెట్టకముందు, ఆసక్తి చూపిన ప్రతి కాలేజీనీ ఈ మూడూ రాతలో అడగండి: ఏ కోర్సు దేనికి సమానంగా తీసుకున్నారు, డిగ్రీలో చెల్లేవి ఎన్ని, శాతం ఎంత. దీన్ని డిగ్రీ ఆడిట్ అంటారు. ఇది రిజిస్ట్రార్ ఆఫీసు నుంచో, అథ్లెటిక్స్ విభాగంలోని అకడమిక్ అడ్వైజర్ నుంచో రావాలి. కోచ్ నోటిమాట చాలదు. పాత కోర్సుల సిలబస్ పీడీఎఫ్‌లన్నీ దాచి పెట్టుకోమనండి. తిరస్కరించిన కోర్సు మీద అప్పీలు చేయాలంటే అవే ఆధారం. 'సి' కన్నా తక్కువ గ్రేడు వచ్చిన కోర్సులను చాలా కాలేజీలు తీసుకోవు. ముందు వాటిని కొట్టేసి లెక్క మొదలుపెట్టండి.

ఇంకోటి. ఏప్రిల్‌లో పోర్టల్‌లో పేరెక్కగానే పిల్లల మనసు క్లాసుల మీంచి వెళ్లిపోతుంది. అంతకుముందు సెమిస్టర్‌లో కనీసం 6 క్రెడిట్లు, ఫాల్, స్ప్రింగ్ కలిపి 18 క్రెడిట్లు పాసవ్వాలన్న నిబంధన అప్పుడే దెబ్బకొడుతుంది. కాలేజీలు చూసిరావడానికి ఎన్ని ప్రయాణాలున్నా, ఫైనల్ పరీక్షల తేదీలు పక్కనపెట్టుకునే టికెట్లు తీయాలి.

ప్రశ్న: అక్కకు డిసెంబరులో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. అప్పటికి ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది. ఈ సీజన్ పోయినట్టేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

పోకపోవచ్చు. ఆ సీజన్ తిరిగి దక్కాలంటే గాయం సీజన్ మొదటి సగంలో తగిలి ఉండాలి. ఆడిన మ్యాచ్‌లు జట్టు మొత్తం మ్యాచ్‌లలో 30 శాతం మించకూడదు. ఆ సీజన్‌లో ఇక ఆడే వీల్లేదని డాక్టరు కాగితం ఉండాలి. జట్టుకు 30 మ్యాచ్‌లుంటే 30 శాతం అంటే 9, మీ అక్కవి 8 కాబట్టి పరిధిలోనే ఉంది. 31 ఉంటే 9.3 వస్తుంది, దాన్ని 10గా తీసుకుంటారు. కాన్ఫరెన్స్ (జట్టు ఉన్న కాలేజీల లీగ్) టోర్నీ మొత్తాన్ని ఒకే మ్యాచ్‌గా లెక్కేస్తారు.

చాలామంది జారేది మోకాలు కాస్త కుదుటపడ్డాక. ఫిబ్రవరిలో కోచ్ 'ఒక్క రెండు నిమిషాలు' అని దింపుతాడు. రెండో సగంలో అలా ఒక్క నిమిషం ఆడినా ఈ అవకాశం చేజారుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా సీజన్ మిగుల్చుకోవచ్చు. బాస్కెట్‌బాల్‌లో అది లేదు, ఒక్క అధికారిక మ్యాచ్ ఆడితే ఒక సీజన్ ఖర్చయినట్టే. ఎంఆర్‌ఐ, ఆపరేషన్ కాగితాలు, తేదీలతో సహా డాక్టరు నోట్లు అన్నీ ఇప్పుడే తీసి పెట్టుకోమనండి. దరఖాస్తు కాలేజీ పెడుతుంది. తర్వాత ఆమె వేరే కాలేజీకి మారితే పాత ఆసుపత్రి కాగితాల కోసం తిరగడం కష్టం.

ప్రశ్న: ఎఫ్-1 వీసా మీద ఉన్న అమ్మాయి కాలేజీ మారితే మళ్లీ కాన్సులేట్‌కి వెళ్లాలా? యాడ్‌లు చేసి డబ్బు సంపాదించొచ్చా?
– ఒక తల్లి, నానక్‌రామ్‌గూడ

కాలేజీ మారడం అంటే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డు ఒక కాలేజీ నుంచి మరోదానికి వెళ్లడం. కొత్త కాలేజీ అడ్మిషన్ లేఖ తీసుకుని, పాత కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రికార్డు విడుదల తేదీ అడగాలి. ఆ తేదీ తర్వాత కొత్త కాలేజీ ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన పత్రం) ఇస్తుంది. మధ్యలో హైదరాబాద్ వచ్చి వెళ్తే, కొత్త ఐ-20తోనే తిరిగి ప్రవేశించాలి. పాస్‌పోర్టులో వీసా గడువు ఇంకా ఉంటే పాత కాలేజీ పేరున్నా సాధారణంగా చెల్లుతుంది. గడువు తీరిపోతే మాత్రం కాన్సులేట్ అపాయింట్‌మెంట్ తప్పదు, ఆగస్టు క్లాసులకు ముందు అవి దొరకడం కష్టం. అందుకే వేసవి సెలవులకు రప్పించే ముందు వీసా తేదీ చూసి టికెట్ తీయండి.

సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, 3 క్రెడిట్ల వరకే లెక్కలోకొస్తుంది. ఇది ఎన్‌సీఏఏ నిబంధన కాదు, వీసా నిబంధన. జట్టు అడ్వైజర్లు అమెరికన్ పిల్లలకు చెప్పినట్టే 'రెండు ఆన్‌లైన్ తీసుకో, ప్రయాణాలకు వీలు' అని సలహా ఇచ్చేస్తుంటారు. క్లాసులు తగ్గించే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి తీసుకోవాలి.

ఇక డబ్బు. 2021 జులై 1 నుంచి క్రీడాకారిణులు తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించడమూ మొదలైంది. ఇవన్నీ ఆట నిబంధనలు మాత్రమే. ఎఫ్-1 విద్యార్థిని అమెరికా గడ్డ మీద నిలబడి యాడ్ షూటింగ్ చేస్తే అది అనుమతి లేని పని కింద పడి వీసాకే ముప్పు రావచ్చు. కోచ్ 'అందరూ చేస్తున్నారు' అంటే అందరూ ఎఫ్-1 మీద లేరని గుర్తుపెట్టుకోండి. ఏ ఒప్పందమైనా సొంత ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించాకే సంతకం. ఆ ఫీజు దండగ కాదు.

ప్రశ్న: నేను ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రాష్ట్ర జూనియర్ జట్టుకు ఆడాను. ఎప్‌సెట్‌కి ఒక ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకుని, తర్వాత అమెరికాకు ప్రయత్నిస్తే నష్టమా?
– విద్యార్థిని, నారాయణగూడ

ఒక ఏడాదికి నష్టం లేదు. రెండో ఏడాది అయితే ఉంది. ఇంటర్ ముగిసిన నాటి నుంచి మీకు ఏడాది వెసులుబాటు ఇస్తారు. ఉదాహరణకు 2026 వసంతంలో ఇంటర్ ముగిస్తే, ఒక లాంగ్‌టర్మ్ తర్వాత 2027 ఆగస్టులో చేరినా మీ నాలుగు సీజన్లూ భద్రం. ఇంకో ఏడాది ఆగి, ఆ కాలంలో జిల్లా, రాష్ట్ర టోర్నీలు ఆడితే ఒక సీజన్ పోతుంది, చేరిన మొదటి ఏడాది మ్యాచ్‌లు కూడా ఉండవు. దెబ్బ చదువుకున్నందుకు కాదు, ఆ కాలంలో పోటీల్లో ఆడినందుకు.

చదువు లెక్క తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు కావాలి: ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3, సైన్స్ 2, ఈ మూడింట్లోంచి ఇంకొకటి, సోషల్ 2, మరో 4 వీటిలోంచో లేదా రెండో భాషలోంచో. వాటి జీపీఏ 2.3 ఉండాలి. ఎంపీసీ వాళ్లకు మ్యాథ్స్, సైన్స్ పుష్కలం. ఇంటర్లో సోషల్ ఉండదు కాబట్టి 9, 10 తరగతుల సోషలే దిక్కు. పదికి బోర్డు మెమో ఉంటుంది, తొమ్మిదికి ఉండదు. స్కూలుకెళ్లి తొమ్మిదో తరగతి మార్కుల పత్రం ముద్రతో, హెడ్‌మాస్టర్ సంతకంతో ఇప్పుడే తెచ్చుకోండి. ఎన్‌సీఏఏ 2023 జనవరి నుంచి శాట్ అడగడం లేదు, కాలేజీ అడగొచ్చు.

మన పేర్ల దగ్గర ఒక చిక్కుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, టోర్నీ సర్టిఫికెట్లో ఒక్క అక్షరం. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ (అర్హత తేల్చే విభాగం)లో ఖాతాను పాస్‌పోర్టులో ఉన్నట్టే తెరవండి. మిగతా కాగితాల్లో పేరు వేరుగా ఉంటే, అన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. ఆడిన ప్రతి టోర్నీ, తీసుకున్న నగదు బహుమతి, డీఏ (దినభత్యం), అన్నీ దాచకుండా రాయండి. రాయనిది తర్వాత ఫొటోల్లో బయటపడితే సర్దిచెప్పడం చాలా కష్టం. దారి మూసుకుపోలేదు: బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా తరఫున డివిజన్ 1 ఆడింది.

ప్రశ్న: నేను ఇక్కడే బీకాం మొదటి ఏడాది, కాలేజీ జట్టులో ఉన్నాను. రెండేళ్ల తర్వాత అమెరికా వెళ్తే నాలుగేళ్లు ఆడొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, బేగంపేట

ఆడలేరు. డివిజన్ 1లో ఐదేళ్ల గడియారం ఏ దేశంలోనైనా సరే, మీరు మొదటిసారి పూర్తికాలపు విద్యార్థినిగా కాలేజీలో చేరిన రోజే మొదలవుతుంది. మధ్యలో ఏడాది మానేసినా ఆగదు. రెండేళ్లు ఇక్కడ గడిస్తే మిగిలేది మూడేళ్లు. ఇక్కడి కాలేజీ జట్టుకు ఆడిన సీజన్లను కూడా నాలుగింటిలోంచి తీసేసే అవకాశం ఉంది, కాబట్టి వాటి వివరాలు ముందే చెప్పాలి. వెళ్లాలనే ఉంటే మొదటి ఏడాది ముగియగానే వెళ్లడం మేలు. మీరు పోర్టల్ ద్వారా వెళ్లరు, అది అక్కడి కాలేజీల్లో ఉన్నవాళ్లకు. సెమిస్టర్ మెమోలు, యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టు, ప్రతి పేపరు సిలబస్ సీల్‌తో తీసుకోండి. బ్యాక్‌లాగ్‌లుంటే ముందు క్లియర్ చేయండి, ఫెయిలైన పేపరుకు క్రెడిట్ రాదు. పైన చెప్పిన 40 శాతం లెక్క మీకూ వర్తిస్తుంది.

మరో దారి ఉంది. బీకాం మూడేళ్లు ముగించి మాస్టర్స్‌కి వెళితే గడియారంలో రెండేళ్లు మిగులుతాయి, పీజీ చదువుతూ ఆడొచ్చు. అయితే మూడేళ్ల డిగ్రీతో పీజీ సీటిచ్చే యూనివర్సిటీలనే ఎంచుకోవాలి. డివిజన్ 2, 3లలో తేదీలతో కాక పది సెమిస్టర్ల లెక్క ఉంటుంది. చదువు ఆగిన కాలం అందులో పడదు. డివిజన్ 3లో మాత్రం ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు.

ప్రశ్న: మా కాలేజీ అమ్మాయికి రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చింది. ఇంటర్ యూనివర్సిటీ టోర్నీకి పంపొచ్చా?
– ఫిజికల్ డైరెక్టర్, సికింద్రాబాద్

చేరిన తర్వాత పంపకూడదు. ఏఐయూ (భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం) టోర్నీల్లో పూర్తికాలపు విద్యార్థులే ఆడాలి. పూర్తికాలపు ఉద్యోగులు, దూరవిద్య వాళ్లు అనర్హులు. వయసు 25 మించకూడదు. ఎలిజిబిలిటీ ఫారం మీద సంతకం మీది, ప్రిన్సిపాల్‌ది. ప్రత్యర్థి జట్టు ఫిర్యాదు చేస్తే ఒక్క అమ్మాయి వల్ల జట్టు ఫలితం మొత్తం పోతుంది. అపాయింట్‌మెంట్ లేఖ వచ్చి ఇంకా చేరకపోతే, చేరే తేదీ చూసి నిర్ణయించండి. అమెరికా ఆశ కూడా ఉన్న అమ్మాయి అయితే, ఆటకిచ్చే జీతం అక్కడి అర్హతనూ ప్రశ్నార్థకం చేస్తుందని చేరకముందే చెప్పండి.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీ వాళ్లు మా పాప పేరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పెట్టిస్తామని, ఫుల్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అని డబ్బు అడుగుతున్నారు. పాప ఇంటర్ చదువుతోంది.
– ఒక తండ్రి, ఉప్పల్

ఇవ్వకండి. ఇంటర్ చదివే అమ్మాయి పోర్టల్‌లో ఉండే వీల్లేదు. అందులో పేరు ఎక్కించగలిగేది ఆమె చదువుతున్న కాలేజీ ఒక్కటే. స్కాలర్‌షిప్ ఇచ్చేది కాలేజీ, అదీ సంతకాలున్న ఆర్థిక సహాయ ఒప్పందం ద్వారా. హౌస్ ఒప్పందంలో చేరిన కాలేజీలు మహిళల బాస్కెట్‌బాల్‌లో సగం, పావు స్కాలర్‌షిప్‌లు కూడా ఇవ్వొచ్చు. అందుకని 'ఫుల్' అన్న మాటకు బదులు ట్యూషన్, ఫీజులు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఆరోగ్య బీమా ఒక్కొక్కటీ ఎంత శాతమో, ఎన్నేళ్లకో కాగితం మీద చూడండి. ఎలిజిబిలిటీ సెంటర్ ఖాతా మీరే తెరవొచ్చు. మ్యాచ్ వీడియోలతో కోచ్‌లకు ఈమెయిల్ కూడా పాపే రాయొచ్చు. రెండు పూర్తి మ్యాచ్‌ల వీడియోలు, మూడు నుంచి నాలుగు నిమిషాల హైలైట్స్ ఒకటి, ఎత్తు, ఆడే స్థానం, ఇంటర్ ముగిసే నెల, మార్కులు రాస్తే చాలు.